కట్టమంచి రామలింగారెడ్డిగారు

విజయవాడకు తూర్పుదిక్కున, ఏలూరు పోవు మార్గమునకు చేరువగా, గుణదల యను ఊరు కలదు. ఒకప్పుడది వేరు గ్రామము. నేడు నగరములో కలిసిపోయినది. కొండమీది మరియమాత గుడివలన ఆ ఊరిపేరు దూరప్రాంతములవారికిని తెలియును. అక్కడ 1953వ సంవత్సరమున ఆంధ్ర లయోలా కళాశాల స్థాపింపబడినది. పొరుగున మాచవరములోనున్న ఎస్.ఆర్.ఆర్. కళాశాల అంతకంటె పాతది. అది 1937లో ఏర్పడినది. 1976లో గుంటూరునకు సమీపమున నాగార్జున విశ్వవిద్యాలయము వెలయువరకు, ఈ కళాశాలలలో చదివిన కృష్ణాతీరపు బిడ్డలు పట్టములు పొందినది విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునుండి. విజయవాడకును విశాఖకును నడుమ రమారమి 350 కిలోమీటర్ల దూరము. అయితే ఆ విశ్వకళాపరిషత్తు పుట్టినది విశాఖలో గాదు, విజయవాడలోనే యని నేటి విద్యార్థులలో ఎరిగినవారు కొలదిమంది. దాని ప్రథమోపాధ్యక్షులు, అనగా మొదటి వైస్ ఛాన్సలరు, కట్టమంచి రామలింగారెడ్డిగారు.

పూర్వము తెలుగుజిల్లాల కళాశాలలన్నియు, 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమునకు లోబడి యుండెను. బందరులో నోబుల్ కళాశాల, గుంటూరులో క్రైస్తవ కళాశాల, రాజమహేంద్రవరములో ప్రభుత్వ కళాశాల, కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల, విజయనగరములో మహారాజావారి కళాశాల, ఇవి యన్నియు పేరుపొందినవే. అయినను ఏ పుస్తకము చదువవలెనో నిర్ణయించుట, పరీక్షలు జరుపుట, పట్టములిచ్చుట మద్రాసులోనే జరుగుచుండెను. 1913లో బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ సమావేశమైనది మొదలు తెలుగువారిలో ప్రత్యేకరాష్ట్రవాంఛ ప్రబలెను. తమకొక విశ్వవిద్యాలయము కావలెనను కోరికయు దానితోపాటు పెరిగెను. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడగా ఆ కోరిక మరింత తీవ్రమయ్యెను. తుదకు 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాసనము అమలులోనికి వచ్చెను. బెజవాడ దానికి ముఖ్యస్థానమయ్యెను. నాలుగుదిక్కులనుండి వచ్చు రైలుమార్గములు కలియుచోటు. కృష్ణానదిపై ఆనకట్టయు, దానివలన పండు మాగాణియు గలచోటు. 1921లో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనచోటు. ఆ ఊరికి ప్రాముఖ్యము కొరతలేదు. కొరతయైనది విశ్వవిద్యాలయమునకే. దానికి శాసనము కలదు, పేరు కలదు; సొంతమని చెప్పుకొన ఒక్క తరగతిగది లేదు.

ఇట్టిదానికి అధిపతి యెవరు? ఇల్లులేని సంసారమును నడపగల యజమాని కావలెను. ఇంగ్లీషు పండితులు గౌరవింపవలెను, తెలుగు పండితులు తమవాడని యనుకొనవలెను, జమీందారులు ధనమీయవలెను, శాసనసభవారు మాట వినవలెను. ఇందరిని మెప్పింపగలవారు ఆనాడు తెలుగుదేశమున చాలమంది లేరు. ఎన్నిక రామలింగారెడ్డిగారిమీద పడెను. ఇందులో ఒక విశేషము కలదు. అప్పుడు చెన్నపట్టణమున అధికారమునందున్నది పానుగంటి రాజావారి మంత్రివర్గము. విద్యాశాఖ చూచుచున్నవారు పాత్రోగారు. మూడేండ్లకు పూర్వము, 1923 నవంబరులో, శాసనసభయందు ఆ మంత్రివర్గముపైననే అవిశ్వాసతీర్మానమును ప్రతిపాదించినవారు రెడ్డిగారు. తీర్మానము ఓడిపోయెను గాని, సభయందలి వైరము చిన్నది గాదు. అయినను ఆ మంత్రివర్గము పదవియందుండగనే ఆ ప్రతికక్షియే క్రొత్త విశ్వకళాపరిషత్తునకు అధిపతియయ్యెను. కక్షలు కలిగిన కాలములో ఇట్టి సంగతి తరచుగా జరుగదు.

అంతటి యోగ్యత ఆయనకు ఎట్లు కలిగినదో తెలియవలెనన్నచో కొంత వెనుకకు పోవలెను.

రామలింగారెడ్డిగారు 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన, చిత్తూరునకు సమీపమునగల కట్టమంచి గ్రామమున జన్మించిరి. చిత్తూరు ఆనాడు ఉత్తర ఆర్కాటుజిల్లాలో చేరియుండెను. చిత్తూరులో పాఠశాలచదువు ముగించి, ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. అచ్చట చదువుచున్నప్పుడే ముసలమ్మ మరణమను కావ్యమును వ్రాసి, కళాశాలలోని ఆంధ్ర భాషాభిరంజని సంఘమువారి బహుమానమును పొందిరి. అనంతపురమునొద్ద బుక్కరాయసముద్రము చెరువు తెగుటకు సిద్ధముగానున్నప్పుడు, ఊరిని కాపాడుటకై తన ప్రాణమును బలియిచ్చిన ఒక కోడలి కథ అది. రాజులు, రాణులు, దేవతలు మాత్రమే కావ్యనాయకులు కాదగినవారని పండితులు తలచుచున్న దినములలో, ఇరువదియేండ్లైనను నిండని విద్యార్థి ఒక రైతుబిడ్డను నాయికగా గ్రహించెను.

పిమ్మట ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్సు కళాశాలయందు చదివిరి. అచ్చటి విద్యార్థుల వాదసభకు ‘యూనియన్’ అని పేరు. ఆ సభలో మాటాడి నెగ్గినవారు పిమ్మట బ్రిటిష్ పార్లమెంటులో మంత్రులగుట పరిపాటి. అట్టి సభకు కట్టమంచి గ్రామపు యువకుడు ఉపాధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. ఆ వాక్పటుత్వము జీవితాంతము ఆయనను విడువలేదు. ఆయన చమత్కారమునకు మిత్రులు నవ్వెడివారు, ప్రత్యర్థులు జంకెడివారు.

స్వదేశమునకు రాగానే ఆయనను మొదట గుర్తించినవారు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడు. తన సంస్థానమున ప్రాథమికవిద్యను నిర్బంధము గావించిన ప్రభువాయన. ప్రతిభావంతులను వెదకి పిలుచుట ఆయనకు అలవాటు. బరోడా కళాశాలలో అరవిందఘోషుగారు వహించి విడిచిన ఉపప్రధానాచార్య పదవిలో రెడ్డిగారు ప్రవేశించిరి. ఆ తరువాత ఆయన మైసూరు చేరిరి. మైసూరునకు అవి మంచిదినములు. దివానుగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారుండిరి. సంస్థానమునకు స్వంత విశ్వవిద్యాలయము కావలెనని తలచి, రెడ్డిగారిని, థామస్ డెన్‌హాము అను ఆచార్యుని విదేశములలోని విశ్వవిద్యాలయములను చూచివచ్చుటకు నియోగించిరి. వారి పరిశీలన వృథాగాలేదు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. స్వదేశసంస్థానములలో అదియే మొదటిది. రెడ్డిగారు మైసూరు మహారాజా కళాశాలకు ప్రిన్సిపాలును, పిమ్మట సంస్థాన విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరలును అయిరి. ఆ కళాశాలకే 1918లో తత్త్వశాస్త్రాచార్యుడుగా ఒక యువకుడు వచ్చెను. అంతకుముందు రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలలో పనిచేసినవాడు. పుట్టినది తిరుత్తని, అదియు ఆనాటి ఉత్తర ఆర్కాటుజిల్లాలోనిదే. ఆయన పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఈ యిరువురి పేర్లును మరల ఒకచోట కలియవలసియున్నవి.

1921లో రెడ్డిగారు మైసూరు కొలువు విడిచి, మద్రాసు శాసనసభలో ప్రవేశించిరి. ఆ కాలపు రాజకీయములను గూర్చి ఇంతకుముందే కొంత చెప్పబడినది, మిగిలినదానిని విస్తరింపనక్కరలేదు.

బెజవాడలో క్రొత్త ఉపాధ్యక్షుని మొదటిపని, లేనిదానిని ఉన్నట్లు జనులచేత నమ్మించుట. విశ్వకళాపరిషత్తునకు ఒక ముద్రిక కావలసివచ్చెను. బందరు చిత్రకారులైన కౌతా రామమోహనశాస్త్రిగారు రెడ్డిగారి సలహాననుసరించి దానిని చిత్రించిరి. ఉదయించుచున్న సూర్యుడు, పద్మము మున్నగు చిహ్నములుగల ఆ ముద్రికయే నేటికిని పట్టములమీద కనబడుచున్నది. భవనములకంటె ముందు ముద్రిక సిద్ధమైన దనవచ్చును. సాహిత్యవేత్తలను గౌరవించుటకు కళాప్రపూర్ణ యను బిరుదమును ఏర్పరచుటయు విశ్వకళాపరిషత్తు చేసిన మంచిపనులలో నొకటి. కళాశాలకు పోని పండితుడును, కవియు విశ్వవిద్యాలయమువారి వేదికనెక్కి గౌరవము పొందుటకు దానివలన వీలుకలిగెను.

ఇంతలో ముఖ్యస్థానమును గూర్చి తగవు పెరిగెను. ఏ పట్టణమువారు తమ పట్టణమే తగినదని వాదించిరి. బెజవాడ అందరికి నడుమ కలదని కొందరు, ఎండలకు చదువు సాగదని కొందరు; రాజమహేంద్రవరము పాతవిద్యాస్థానమని కొందరు; అనంతపురమున కేల ఈయరాదని దత్తమండలములవారు. చర్చలు సాగిసాగి, తుదకు సముద్రమును కొండలును కలిసియున్న వాల్తేరు నిర్ణయమయ్యెను. దత్తమండలముల కళాశాలలు తిరిగి మద్రాసు క్రిందికి పోయెను. రాయలసీమలో పుట్టిన ఉపాధ్యక్షునికి ఇది కష్టము కలిగింపకపోదు. ఏమైనను 1930లో విశ్వకళాపరిషత్తు బెజవాడ విడిచి వాల్తేరు చేరెను. బెజవాడవారికి మిగిలినది జ్ఞాపకము మాత్రమే.

ఇప్పుడైనను స్థలము కుదిరినది, ఇక కట్టడములు లేవవలెను, ఆచార్యులు రావలెను. సరిగా ఆ సమయముననే దేశమున ఉప్పుసత్యాగ్రహము చెలరేగెను. 1930 మార్చి 12వ తేదీన గాంధీమహాత్ములు దండికి బయలుదేరిరి. ఏప్రిలులో తెలుగుతీరమంతట ఉప్పుకొటారులు వెలసెను. బందరులో, గుంటూరులో, కాకినాడలో లాఠీలు విరిగెను, చెరసాలలు నిండెను. మద్రాసు గవర్నరు విశ్వకళాపరిషత్తునకు ఛాన్సలరు. సత్యాగ్రహులను కొట్టించుచున్న ప్రభుత్వమునకు ఆయనయే అధిపతి. ఆ ఛాన్సలరునకు లోబడిన వైస్ ఛాన్సలరు ఏమి చేయవలెను?

రెడ్డిగారు ఉప్పువండినవారు గారు, ఖాదీవ్రతము పట్టి గ్రామములు తిరిగినవారును గారు. ఊరకుండినచో ఆయనను తప్పుపట్టువారు లేకపోవుదురు. విశ్వవిద్యాలయము శిశువు, తల్లి విడిచిన ఏమగునని అడుగువారికి సమాధానము చెప్పుట సులభము గాదు. ఆయన తొలగినచో వాల్తేరులో పని నిలిచిపోవచ్చును. ప్రభుత్వము తనకు విధేయుడైన ఒకనిని ఆ పీఠమున కూర్చుండబెట్టవచ్చును. తొలగనిచో, తనవంటివాని మౌనము ప్రభుత్వమునకు సమ్మతిగా కనబడును. రెండుప్రక్కలను నష్టము కలదు. రెడ్డిగారు రెండవ నష్టమును సహింపలేకపోయిరి. ప్రభుత్వము అవలంబించిన దమననీతికి నిరసనగా 1930లో తమ పదవికి రాజీనామా నిచ్చిరి. తాను కూర్చిన సంస్థను, గోడలు లేవకముందే, తనచేతులతో ఇతరుల కప్పగించుట ఆయన జీవితమున మిక్కిలి కఠినమైనపని యనుటకు సందేహములేదు.

ఆ పీఠమున కెవరు తగుదురని సెనెట్ సభ్యులు ఆలోచింపవలసివచ్చెను. ఈమారు ప్రశ్న మునుపటికంటె జటిలము. వెనుకటివాడు ఆత్మగౌరవముతో విడిచిన కుర్చీలో, ఆత్మగౌరవము తక్కువవాడు కూర్చున్నచో నవ్వులపాలగును. మిక్కిలి తీవ్రవాదియైనచో ప్రభుత్వమునకును సంస్థకును రోజును కలహము. ఊళ్ళతగవులలో ఒక పక్షము పట్టినవాడైనచో మరియొక పక్షము సహకరింపదు. ఈ చిక్కులలో దేనికిని లోబడని వ్యక్తి కలకత్తాలో నుండెను. రాధాకృష్ణన్‌గారు 1921లో మైసూరునుండి కలకత్తా విశ్వవిద్యాలయమున అయిదవ జార్జి పేరిటి తత్త్వశాస్త్రపీఠమునకు పోయి, ఆక్స్‌ఫర్డులో ఉపన్యాసములిచ్చి, పాశ్చాత్యపండితుల మన్ననలు పొందియుండిరి. ఆంధ్రజిల్లాల తగవులకు దూరముగానుండిరి. 1931లో ఆయన ఉపాధ్యక్షులుగా ఎన్నుకొనబడిరి. అప్పటికాయనకు నలుబదిమూడేండ్లైనను నిండలేదు.

ఆ యెన్నిక మంచిదని అయిదేండ్లలో తేలిపోయెను. ఆయన వచ్చిన సంవత్సరమే వాల్తేరులో ఆర్ట్సుకళాశాల తెరువబడెను. తరువాత విజ్ఞానకళాశాలయు వచ్చెను. రాధాకృష్ణన్‌గారు ఆచార్యులకొరకు దేశమంతట గాలించిరి. హుమాయూన్ కబీరు, హిరేంద్రనాథ ముఖర్జీ వంటి వంగదేశీయ యువకులు ఆ దినములలో వాల్తేరులో పాఠములు చెప్పిరి. రసాయనశాస్త్రమునకు తిరువెంగడం శేషాద్రిగారు 1933లో వచ్చిరి. భౌతికశాస్త్రమునకు సూరి భగవంతంగారు వచ్చిరి. ఆయన కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తాలో చంద్రశేఖర వెంకటరామన్‌గారియొద్ద పరిశోధనచేసినవారు. తెలుగుశాఖకు కృష్ణాజిల్లావారే యైన పింగళి లక్ష్మీకాంతముగారు. తెలుగువాడా, ఇతరుడా యని గాక, తగినవాడా కాడా యని మాత్రమే చూచినందున సంస్థ త్వరలో ప్రఖ్యాతికెక్కెను.

1936లో రాధాకృష్ణన్‌గారిని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము స్పాల్డింగు ఆచార్యపీఠమునకు పిలిచెను. వాల్తేరు పీఠము మరల ఖాళీయయ్యెను. ఈ పర్యాయము సెనెట్ దూరముగా వెదుకలేదు. ఆరేండ్లకు పూర్వము తమంతతామే తొలగిపోయిన రామలింగారెడ్డిగారినే తిరిగి ఎన్నుకొనిరి. విడిచినప్పుడు నిలుచుటకైనను చోటులేని సంస్థ, తిరిగివచ్చునప్పటికి కళాశాలలతో, వసతిగృహములతో, పరిశోధనాలయములతో కనబడెను. తన తరువాతివాడు తనకంటె ఎక్కువ చేసినాడని చూచి కలత చెందువారు లోకమున కలరు. రెడ్డిగారు రాధాకృష్ణన్‌గారు నాటిన మొక్కలలో దేనిని పెరికివేయలేదు. శేషాద్రి, భగవంతం, లక్ష్మీకాంతముగారలు ఆయన కాలమునను ఆచార్యులుగా సాగిరి.

ధనమునకు మాత్రము ఎల్లప్పుడు కష్టమే. ఆ కష్టమును తీర్చిన దాతలలో జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు అగ్రగణ్యులు. స్వయముగా కవియు పండితుడునైన ఆ ప్రభువు విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్షరూపాయలీయ నంగీకరించిరి. ఉపాధ్యాయుని నెలజీతము పదులలోనున్న దినములలో లక్ష రూపాయలన నెంతయో ఊహింపవచ్చును. విజ్ఞానకళాశాలకు ఆయన పేరే పెట్టబడినది.

తరువాత యుద్ధము వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానుదేశపు విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. పట్టణము ఖాళీయయ్యెను. విశ్వకళాపరిషత్తు మరల గూడువిడిచిన పక్షియై గుంటూరు చేరెను. పుస్తకములు, పరికరములు, ఆచార్యులు, విద్యార్థులు అందరును తరలవలెను. బెజవాడలో ఏమియు లేకుండ ప్రారంభించిన అనుభవము అప్పుడు ఉపాధ్యక్షునకు అక్కరకువచ్చియుండును. యుద్ధము ముగిసినపిమ్మట మరల వాల్తేరు చేరిరి. ఆ 1942లోనే ప్రభుత్వము ఆయనకు ‘సర్’ బిరుదమిచ్చెను. 1930లో ప్రభుత్వమును ధిక్కరించిన వ్యక్తి పండ్రెండేండ్లకు దాని బిరుదమును స్వీకరించుట కొందరికి వింతగా తోచవచ్చును. రెడ్డిగారి రాజకీయమార్గము ఎప్పుడును ఒక్క గీతమీద నడచినది కాదు; ఆ సంగతిని మరుగుపరచుటయు తగదు.

సాహిత్యమున మాత్రము ఆయన మార్గము స్పష్టము. 1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారమను గ్రంథమున ఆయన ప్రబంధములను క్రొత్తదృష్టితో పరిశీలించిరి. పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయమును మిక్కిలి మెచ్చుకొని, పెక్కు ప్రబంధములలోని పునరుక్తివర్ణనలను నిర్మొగమాటముగా ఖండించిరి. పండితులు కోపించిరి, యువకులు చదివిరి. తెలుగులో ఆధునిక విమర్శకు ఆ గ్రంథము దారితీసెను. మహావిద్యాధికారియై యుండియు తెలుగువాక్యమును వదలనందుననే ఆయన తెలుగుపండితులకు ఆత్మీయుడయ్యెను.

1948 డిసెంబరులో జరిగిన స్నాతకోత్సవమున, ఆయన పేరిట ఏర్పడిన జాతీయబహుమానమును విశ్వకళాపరిషత్తు శ్రీ అరవిందులకు సమర్పించెను. నలుబదియేండ్లకు పూర్వము బరోడాలో అరవిందులు విడిచిన పదవిలోనే రెడ్డిగారు తమ ఆచార్యజీవితము ప్రారంభించిరి. అరవిందులు పుదుచ్చేరి ఆశ్రమమును విడిచి రాలేదు. వారి పరోక్షమున రెడ్డిగారు ఆ మహాపురుషుని కొనియాడి సభవారికి ఎరుకపరచిరి.

మరుసటి సంవత్సరము, 1949లో, రెడ్డిగారు ఉపాధ్యక్షపదవి విడిచిరి. రెండుమార్లు కలిపి ఆయన ఆ పీఠమున పదునేడేండ్లకు మించి యుండిరి. ఈసారి వారసునికొరకు కలకత్తా పోవలసిన పనిలేకపోయెను. విశ్వకళాపరిషత్తులోనే పనిచేసి పేరుపొందిన వాసిరెడ్డి శ్రీకృష్ణగారు ఉపాధ్యక్షులై 1961 వరకు దానిని నడిపిరి. అప్పటికే ఏలూరులో, 1945లో, రెడ్డిగారి పేరిట ఒక కళాశాల వెలసియుండెను.

వివాహమాడని రెడ్డిగారికి ఇల్లని చెప్పదగినది విద్యాసంస్థయే. మైసూరు విశ్వవిద్యాలయమువారు ఆయనను ప్రో ఛాన్సలరుగా ఆహ్వానించిరి. యౌవనమున తాను రూపకల్పనచేయ తోడ్పడిన ఆ సంస్థకు వృద్ధాప్యమున తిరిగిపోయి, ఆ పదవియందుండగనే 1951వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన ఆయన పరమపదించిరి.